తెరకొక్క మాట

కమిటీ వాళ్ళు ఇంకా టీ తాగుతున్నారు. గోడ అవతల కప్పులు సాసర్ల మీద పెట్టిన చప్పుడు, గణపతిరావు మాస్టారి దగ్గు, ఎవరో ఒడియాలో ఏదో అని నవ్వడం, అన్నీ స్టాఫ్‌రూములోకి వినిపిస్తూనే ఉన్నాయి. రామతులసి కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఒళ్ళో ఉన్న కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, అలా పట్టుకోవడం ఎవరి కంటయినా పడితే బాగుండదని వదిలేసి, తల ఎత్తి పైకప్పుకున్న... అదే, మూడు రెక్కలది, మీట నొక్కితే తిరిగేది, గాలికి, ఆ దానికేసి చూసింది. పేరు రాలేదు. రెక్కల అంచున పేరుకున్న దుమ్ము తెలుసు, వేసవిలో అది చేసే కిర్రు చప్పుడు తెలుసు, దాని కింద కూర్చోవడానికి టీచర్లు పోటీపడడం తెలుసు, పేరు ఒక్కటే లేదు. పోనీలే. వెంటపడకూడదు. ఇంద్రజ అలాగే కదా అంటుంది, పిల్లిలాటిదండీ మాట, మీరు పిలిస్తే రాదు, మీ పని మీరు సూసుకుంటే అదే ఒచ్చి కాళ్ళకి రాసుకుంటాది. కిటికీలోంచి బరంపురం పొద్దుటి ఎండ, అప్పుడే తడిగా, ఉప్పగా, గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే గాలి, ఇవాళ ఎనిమిదో తరగతికి తుఫాను పాఠం, ఆ పాఠం చెప్పగలిగితే తన క్లాసు తనకు, లేకపోతే లైబ్రరీ. ఫ్యాను. అదిగో, వచ్చింది, ఫ్యాను.

నిరుడు వానల్లో ఇదే పాఠం. బోర్డు మీద సముద్రం గీసి, దాని మీద గాలి సుళ్ళు గీస్తుంటే సుద్దముక్క జారిపడింది, వంగి తీద్దామంటే చెయ్యి తన మాట వినలేదు, పిల్లలవైపు తిరిగి ఎవరైనా నీళ్ళు తెండి అనబోతే నోట్లోంచి వేరే ఏదో వచ్చింది, ముందు బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు, వెంటనే నవ్వు ఆగిపోయింది. ఆ ఆగిపోవడం ఇప్పటికీ చెవుల్లో ఉంది. పెద్దాసుపత్రిలో డాక్టరు ఆమె భర్త గౌరీశంకర్‌తో చెబుతున్నదంతా మంచం మీద పడుకుని ఆమె వింటూనే ఉంది, అంతా అర్థమవుతోంది, మెదడులో ఒకచోట రక్తం ఆగిందట, నడక వస్తుందట, చెయ్యి కొంత వస్తుందట, మాట చూడాలట. మాట వచ్చింది కూడా. వాక్యాలు వచ్చాయి, కోపం వచ్చింది, పాత సామెతలు కూడా వచ్చాయి, పేర్లే రాలేదు. రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి కనక ఆమెకు అది రైలు ప్రయాణంలాగే తోచింది, బండి నడుస్తూనే ఉంది, స్టేషన్లు వస్తూనే ఉన్నాయి, బోర్డుల మీద ఊరి పేర్లకే ఎవరో రాత్రికి రాత్రి సున్నం కొట్టేశారు. ఒక్కోసారి తెలుగు పేరు పోయి దాని ఒడియా పేరు వచ్చేది. నీళ్ళు రాక పాణి వచ్చేది. గౌరీశంకర్ ఏ భాషలో అడిగితే ఆ భాషలోనే గ్లాసు అందించేవాడు, ఒక్కసారి కూడా సరిదిద్దలేదు, మంచి మనిషి.

గణపతిరావు మాస్టారూ మంచివాడే. ఒకప్పుడు ఇదే బడిలో పక్క క్లాసులో లెక్కలు చెప్పినవాడు, ఇప్పుడు కమిటీకి అధ్యక్షుడు. ఇంటికొచ్చి, పెరటి వరండాలో కూర్చుని, చాలాసేపు మామిడిచెట్టు చీడ గురించి మాట్లాడి, చివరికి అన్నాడు, "లైబ్రరీ సూసుకోమ్మా తులసీ. జీతం అదే. గౌరవానికి గౌరవం, కష్టం ఉండదు." కష్టం ఉండదు. ఆ మాటే ఆమెను గుచ్చింది. పుస్తకాల మధ్య కూర్చుంటే పేర్లతో పనేముంది, ఎవరూ ఏదీ అడగరు, ఆమె ఎవరికీ ఏదీ చెప్పదు, బీరువాలో పుస్తకంలా తానూ ఉంటుంది. "ఒక్క పాఠం," అంది ఆవేళ. "ఒక్క పాఠం చెప్పనివ్వండి మాస్టారూ. మీరందరూ వెనక కూర్చోండి. చూసి అప్పుడు చెప్పండి." పేరు అవసరం లేని వాక్యాలు కనక తడబడకుండా వచ్చేశాయి. ఆయన సరేనన్నాడు.

ఇంద్రజ ఆ మరునాడు వచ్చింది. రామతులసి స్థానంలో తాత్కాలికంగా వేసిన అమ్మాయి, కంప్యూటర్ చదువు, సైన్సూ చెబుతుంది, గేటు బజారు దగ్గర అమ్మానాన్నలతో ఉంటుంది. పాఠం ఎక్కడ ఆగిందో కనుక్కుందామని వచ్చింది. వచ్చి బల్ల మీద పరిచి ఉన్న కార్డులు చూసింది, ఆసుపత్రిలో మాటలు నేర్పే అమ్మాయి ఇచ్చినవి, దువ్వెన బొమ్మ, తాళంచెవి బొమ్మ, గొడుగు బొమ్మ, ఒక్కో కార్డుకి ఒక్క బొమ్మ, కింద పేరు ఉండదు. వాటిని చూసి జాలిపడనివాళ్ళు ఆ ఇంటికి అంతవరకూ రాలేదు. ఇంద్రజ ఒక కార్డు చేతిలోకి తీసుకుని, దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, వెలుతురుకేసి తిప్పి, "మేడమ్, ఇవి స్లైడ్లే గదా," అంది. అంతే అంది. ఆ క్షణంలో రామతులసికి ఆ పిల్ల నచ్చేసింది, ఎందుకో చెప్పమంటే ఇప్పటికీ చెప్పలేదు, జబ్బు కార్డుల్లో పాఠం కనిపించినందుకేమో.

ఆ తరవాత ఎన్ని సాయంత్రాలో. ముందు స్లైడ్లు దేంట్లో చెయ్యాలన్న దగ్గరే పడ్డారు. నెట్‌లో దొరికేది ఒకటుంది, తెరవగానే పువ్వులు, రంగుల చారలు, మెరిసే అక్షరాలు, చూడగానే రామతులసి ఇదే బాగుందంది, పెళ్ళి శుభలేఖలా ఉంది. ఇంద్రజ నవ్వింది. "శుభలేఖేనండీ. తుఫాను పాఠానికి శుభలేఖ ఏటికి? పైగా స్కూల్లో నెట్టు ఉంటాదో ఉండదో, మీరు మాట్లాడతావుంటే అది గుండ్రంగా తిరుగుతా కూకుంటాది." బడి కంప్యూటర్లో ఎప్పటినుంచో ఉన్నది ఇంకొకటి, అందులో తెలుగు ఒత్తులు విడిపోయి గడులు గడులుగా వచ్చాయి, "తుఫాను మన పాఠానికే ఒచ్చింది మేడమ్," అంది ఇంద్రజ. మూడోది ఉచితంగా దొరికేది, చూడ్డానికి ఏమీ లేదు, తెల్ల గోడలా ఉంటుంది, రామతులసికి అసలు నచ్చలేదు. అందులోనే చేద్దామంది ఇంద్రజ. ఎందుకంటే అందులో ఒక సదుపాయం ఉంది, పిల్లలకు తెర మీద ఒకటి కనిపిస్తుంది, చెప్పేవాళ్ళకు తమ ముందున్న ల్యాప్‌టాప్‌లో వేరేది కనిపిస్తుంది, వచ్చే బొమ్మ ఏదో ముందే తెలుస్తుంది, పక్కన మనం రాసుకున్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నెట్టు అక్కర్లేదు. తెలుగు విడిపోదు. "సాఫ్ట్‌వేర్‌కి అందం ఏటికి మేడమ్? అది మీకు ఆసరా ఇస్తాదా నేదా, అంతే సూడాల." కుడిచెయ్యి పనికిరాదు కనక ఎడమచేతి బొటనవేలితో నొక్కే చిన్న మీట ఎక్కడినుంచో తెచ్చింది, దాని మీద ముందుకు వెళ్ళే గుండీకి మాత్రం గరుకు కాగితం ముక్క అంటించింది, చూడకుండానే వేలికి తెలియాలని. ఆ కాగితం ముక్క గురించి రామతులసి మంచం మీద పడుకుని కూడా ఆలోచించేది. ఇంత చిన్న సంగతి తట్టాలంటే ఎదుటి మనిషి వేలిలోకి వెళ్ళి కూర్చోవాలి కదా.

మొదట్లో రామతులసి భయంకొద్దీ పాఠం మొత్తం తెర మీదికి ఎక్కించమంది, పేర్లన్నీ రాసి ఉంటే చూసి చదివేయొచ్చు, ఇంక చిక్కేముంది. ఇంద్రజ అలాగే చేసింది, చేసి, బడి ప్రొజెక్టరుతో వరండా గోడ మీద వేసి చూపించి, తాను వెళ్ళి పెరటి చివర రుబ్బురోలు మీద కూర్చుంది. "ఏటి రాసుందో నాకు కనబడ్డం నేదు మేడమ్. మీరు కూడా కనబడ్డం నేదు. గోడ కనబడతాంది, అంతే." తిరిగి వచ్చి పక్కన కూర్చుని మెల్లగా, "ఇదంతా అక్కడెడితే పిల్లలు సదువుకుంటారు. మీ మాట ఎవలు ఇంటారు?" అంది. ఆ మాటతో మొదలైంది తీసెయ్యడం. ఒక్కో వాక్యం తీసేస్తుంటే రామతులసికి ప్రాణం పోయినట్టుండేది, తీసేశాక అక్కడ ఏర్పడ్డ ఖాళీలోంచి తన గొంతు వినిపించేది. ఒక తెరకు ఒకే సంగతి. సముద్రం వేడెక్కింది, అంతే, ఒక నీలిరంగు, దానిపైన ఎర్ర గీత. గాలి పైకి లేచింది, ఒక బాణం. అక్షరాలు ఎగురుతూ రావడం, గిరగిర తిరగడం, చప్పట్ల చప్పుడు, అన్నీ వద్దంది ఇంద్రజ, "అక్షరం ఎగిరొస్తే పిల్లలు దాన్నే సూస్తారు, అది ఏటి సెప్తాందో సూడరు." నల్ల రంగు మీద తెల్ల అక్షరాలు తనకు ఇష్టమైనా, పొద్దుటిపూట బడికి వెళ్ళి కిటికీలన్నీ తెరిచి చూసి, ఎండకు అంతా వెలిసిపోతోందని మళ్ళీ అన్నీ మార్చింది, లేత రంగు మీద ముదురు అక్షరాలు. వెనక బెంచీలో ఒక మూల నుంచి, ఇంకో మూల నుంచి కూర్చుని చూసింది. నెట్‌లో దొరికిన ఏవో ఊళ్ళ తుఫాను బొమ్మలు తీసేసి, గోపాల్‌పూర్ ఒడ్డున పడిపోయిన సరుగుడు చెట్లు, పొడంపేట వైపు కోసుకుపోయిన ఇసుక, మొగలి పొదల్లో ఇరుక్కున్న పడవ, ఇవన్నీ తానే వెళ్ళి ఫొటోలు తీసో అడిగి తెచ్చో పెట్టింది. పిల్లల్లో సగంమంది అక్కడివాళ్ళే. తెలిసిన పడవైతే ఎక్కుతారు అంది.

ఒక్క బొమ్మ దగ్గరే ఇద్దరికీ పడలేదు. ఆకాశం నుంచి తీసిన తుఫాను బొమ్మ, తెల్లటి పెద్ద సుడి, నడుమ చీకటి చుక్క. దాని కింద పేరు రాద్దామంది ఇంద్రజ. వద్దంది రామతులసి. రాస్తే చదివేస్తారు, చదివేస్తే చూడరు, ముందు చూడనీ, ఇదేమిటబ్బా అనుకోనీ, అప్పుడు పేరు చెబుదాం. ఇంద్రజ ఆమెకేసి చూసి, "మరి పేరు రాకపోతేనండీ?" అంది. అంత సూటిగా ఎవరూ అడగలేదు అప్పటిదాకా. రాకపోతే రాదు. టీచరు పాఠం ఎలా చెప్పాలో టీచరే చెప్పాలి కాని జబ్బు చెప్పకూడదు కదా. ఆ సాయంత్రం అంత మాటా ఆమె నోటితో అనలేకపోయింది, తల మాత్రం అడ్డంగా ఊపింది. ఇంద్రజ ఒప్పుకుంది, ఒప్పుకుని ల్యాప్‌టాప్ పక్కన, ఆమెకు మాత్రమే కనిపించేలా, మొదటి అక్షరం ఒక్కటి పెట్టింది.

తరవాత రెండు మూడు రోజులు ఆ పిల్ల రాలేదు. అప్పుడు కాని రామతులసికి తట్టలేదు. తాను క్లాసుకు తిరిగి వస్తే ఇంద్రజ ఉద్యోగం పోతుంది. ఇన్ని సాయంత్రాలు ఆ అమ్మాయి తన కుర్చీని తానే ఊడదీసి ఎదుటి మనిషికి అమరుస్తోంది. సిగ్గుతో ఆ రాత్రి అన్నం సయించలేదు. ఇంద్రజ మళ్ళీ వచ్చినప్పుడు, మాటలు వచ్చీరానట్టు, ముక్కలు ముక్కలుగా అడిగింది, నీ ఉద్యోగం సంగతి ఆలోచించావా అని. "ఆలోసించానండి. అందుకే రానేదు," అంది ఇంద్రజ, దాచకుండా. "ఇంట్లో అమ్మ కూడా తిట్టింది. ఒగ్గీదామనే అనుకున్నాను. మరి ఆ గాలి బాణం స్లైడు ఉంది సూడండి, అది కుదరనేదు, ఇంట్లో కూకున్నా అదే కళ్ళల్లో తిరుగుతాంది. బాగా ఒస్తన్న పనిని సగంలో ఒగ్గీడం నా వల్ల కాదు మేడమ్." అని ల్యాప్‌టాప్ తెరిచి బాణం వంపు సరిచేసింది. త్యాగం అనే మాట ఆ గదిలో ఎవరూ అనలేదు. అన్నా ఆ పిల్ల నవ్వి ఉండేది.

"రామతులసి గారూ, రండమ్మా." మాస్టారి గొంతు. కుర్చీలోంచి లేచింది, కుడికాలు కొంచెం ఈడుస్తుంది, ఫరవాలేదు, వరండాలో ఇంద్రజ నిలబడి ఉంది, కమిటీవాళ్ళు ఆమెను లోపలికి రావద్దన్నారట, సాయం చేస్తుందని. "మీట మీ చేతిలో ఉంది గదా," అంది, అంతే. లోపల పిల్లలు లేచి నిలబడ్డారు, కూర్చోండి, కూర్చున్నారు, వెనక బెంచీలో గణపతిరావు మాస్టారూ, కమిటీలో చిన్నవాడు నాగేంద్రప్రసాద్, ఇంకెవరో. మీట నొక్కింది. నీలిరంగు వచ్చింది. నీలిరంగు వస్తూనే సముద్రం అనే మాట దానంతట అది నోట్లోకి వచ్చి కూర్చుంది, తలుపు తీయగానే లోపలికొచ్చిన చుట్టంలా. ఎర్ర గీత, వేడి. బాణం, గాలి. ఒక్కో బొమ్మ వెనక ఒక్కో మాట సిద్ధంగా నిలబడి ఉంది, ఎవరో ముందే వచ్చి వాటన్నిటినీ లేపి, మొహాలు కడిగి, వరసలో నిలబెట్టి వెళ్ళినట్టు. సరుగుడు చెట్లు రాగానే మూల నుంచి ఒకడు అది మా ఈది టీచర్ అని అరిచాడు. పిల్లలు మాట్లాడుతున్నారు, తాను మాట్లాడుతోంది, ఎన్నాళ్ళయింది ఈ రొద విని.

సుడి వచ్చింది. తెల్లటి పెద్ద సుడి, నడుమ చీకటి చుక్క. క్లాసు నిశ్శబ్దమైపోయింది, నోళ్ళు తెరిచి చూస్తున్నారు, ఆమె అనుకున్నట్టే, పేరు లేదు కనక చూస్తున్నారు. ఇప్పుడు పేరు చెప్పాలి. పేరు లేదు. గుండ్రటిది, మొహంలో ఉంటుంది, దాంతో చూస్తాం, మూస్తే చీకటి, కాటుక పెడతాం, అన్నీ వచ్చాయి, పేరు లేదు. ల్యాప్‌టాప్ కేసి చూసింది. కిటికీలోంచి ఎండ దాని పలక మీద సూటిగా పడి, అద్దంలా మెరుస్తోంది, ఇంద్రజ పెట్టిన అక్షరం ఆ మెరుపులో ఎక్కడుందో. వెనక నాగేంద్రప్రసాద్ కాలు మీద కాలు మార్చుకున్నాడు. నిరుటి నిశ్శబ్దం, నవ్వు ఆగిపోయినప్పటి నిశ్శబ్దం, మళ్ళీ గదిలోకి వచ్చి నిలబడింది, వెంటపడకూడదు, వెంటపడకూడదు. ఆమె తెర దగ్గరికి నడిచి, ఎడమచేతి వేలు ఆ చీకటి చుక్క పక్కన పెట్టి, పిల్లలకేసి తిరిగింది.

"దీన్ని ఏమంటారు? చూసి చెప్పండి."

"బొక్క టీచర్!" "సక్రం!" "బాయి!" అందరూ నవ్వారు. రింకి, కిటికీ దగ్గర కూర్చునే పిల్ల, లేచి నిలబడి తెరనే చూస్తూ, "ఆఖి," అంది ఒడియాలో. "కన్నులాగుంది టీచర్. మనల్నే సూస్తన్నట్టుంది."

"కన్ను," అంది రామతులసి. ఆ మాట నాలుక మీద ఎంత బరువుగా, ఎంత చల్లగా ఉందో. "కన్నే. తుఫాను కన్ను." ఇంక ఆగలేదు. కన్నులో గాలి ఎందుకుండదో చెప్పింది, గాలి ఆగిపోయిందని బయటికి వచ్చేవాళ్ళ మీదికి అవతలి గాలి ఎలా వస్తుందో చెప్పింది, సోనేపూర్ నుంచి వచ్చే కుర్రాడు తన తాత అలాగే చెప్పేవాడని అందుకున్నాడు, గంట కొట్టినా పిల్లలు లేవలేదు.

పిల్లలు వెళ్ళాక నాగేంద్రప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. "పాఠం బాగుందండి. ఒక్కటి అడుగుతాను, ఏటీ అనుకోకండి. ఆ కన్ను దగ్గర పిల్లల్ని అడిగారు. పిల్లల కోసం అడిగారా, మీకు గుర్తు రాకా?"

పిల్లల కోసమే అంటే అయిపోతుంది. నమ్ముతారు కూడా. మాస్టారు ముందే తల ఊపుతున్నాడు, అవునని చెప్పమన్నట్టు. ఆమెకు ఇంద్రజ దాచకుండా చెప్పిన మాట గుర్తుకొచ్చింది, అందుకే రానేదు అన్న ఆ మాట, ఆ తేటదనం. "నాకు రాలేదండీ," అంది. "వాళ్ళిచ్చారు. మళ్ళీ అలా అవుతుంది. అయినప్పుడు ఆగుతాను, లేకపోతే అడుగుతాను. పాఠం మాత్రం ఆగదు."

గణపతిరావు మాస్టారు లేచి వరండాలోకి వెళ్ళి, అటుగా పోతున్న ఎనిమిదో తరగతి పిల్లవాణ్ణి ఆపి, కన్నులో గాలి ఎందుకుండదురా అన్నాడు. వాడు రెండు చేతులూ గాలిలో తిప్పుతూ, "సుట్టూ గిర్రున తిరిగి తిరిగి, నడిమికి రాలేక పైకెల్లిపోతాది సార్," అని చెప్పి పరిగెత్తాడు. మాస్టారు వాడు పోయినవైపే చూస్తూ నిలబడ్డాడు. తరవాత లోపలికొచ్చి, "దసరా ఎల్లాక ఎనిమిదీ తొమ్మిదీ నీవేనమ్మా తులసీ," అన్నాడు. ఆరూ ఏడూ ఈ ఏడాదికి ఇంద్రజ దగ్గరే ఉంచుదామని నాగేంద్రప్రసాద్‌తో అన్నాడు, పై ఏడు సంగతి పై ఏడు. ఆ పై ఏడు గురించి ఎవరూ హామీ ఇవ్వలేదు. ఇంద్రజ వరండాలోంచి అంతా విన్నది.

ఇప్పుడు క్లాసులో ఇద్దరే ఉన్నారు. ఇంద్రజ తీగలు చుడుతోంది, చుడుతూ, కిటికీకేసి ల్యాప్‌టాప్ పెట్టడం తన తెలివితక్కువ అని తనను తాను తిట్టుకుంటోంది, మరోసారి బల్ల ఇటు తిప్పాల, అక్షరం ఇంకా పెద్దది సెయ్యాల, రేపు సాయంత్రం ఒస్తాను మేడమ్, తొమ్మిదో తరగతిది మొదలెడదాం. రామతులసి ఆ చేతులకేసి చూస్తూ కూర్చుంది, తీగను మెలిక పడకుండా చుట్టే ఆ వేళ్ళకేసి. ఈ అమ్మాయిని ఏమని పిలవాలి. టీచరు అనొచ్చు, చాలదు. స్నేహితురాలు, కాదు. ఎదుటి మనిషి మాట ఎక్కడ జారిపోతుందో ముందే చూసి అక్కడ ఒక బొమ్మ పెట్టి, తాను కనబడకుండా తప్పుకునేవాళ్ళని ఏమంటారు. తెలుగులో వెతికింది, ఒడియాలో వెతికింది, దొరకలేదు. ఈసారి అది జబ్బు వల్ల కాదు. ఆ పేరు అసలు ఎవరూ పెట్టినట్టు లేరు.

"ఇంద్రజా," అని పిలిచింది, ఒక్క అక్షరమూ తడబడకుండా.

"ఏటండీ?" అంటూ తల ఎత్తింది ఆ అమ్మాయి.

"ఏమీ లేదు. పిలవాలనిపించింది."